నాలుగో వరుస, పదకొండో దీపం

ఒకటో రోజు

నిలబడ్డవాళ్ళు: ఏడుగురు. పదకొండు నుంచి రెండు దాకా. గొడవ: లేదు.

మునిసిపల్ ఆఫీసుకి ఈ ఒక్క వరుస చాలు. అనుమతి పత్రం ప్రకారం నలభై రోజులూ ఈ చిట్టా రాసి వాళ్ళకి అప్పగించాలి. "మాట్లాడ్డం ఎలాగూ చేతకాదు, రాయడమైనా చెయ్యి వెరోనికా" అని లూర్దమ్మ టీచర్ ఈ పని నాకిచ్చింది. ఆఫీసు కాగితం వేరే రాస్తాను. ఈ నోటుపుస్తకం నాది. కాన్వెంటులో సిస్టర్ జసింత నేర్పినట్టు ఎడమవైపు ఎర్ర పెన్సిలుతో మార్జిన్ గీశాను.

నిబంధనలు మూడు. సున్నపు గీత దాటకూడదు. బొమ్మలూ బోర్డులూ పట్టుకోకూడదు. లోపలికి వెళ్ళేవాళ్ళు తమంతట తాము అడిగితే తప్ప పలకరించకూడదు. మూడోది నాకు పుట్టుకతోనే వచ్చు.

గీతకి అవతల మాతృశాల గోడ. పన్నెండు వరుసలు, వరుసకి ఇరవై దీపాలు. ఒక్కో దీపం వెనక ఒక పెట్టె, పెట్టెలో ఒక బిడ్డ. దీపం తెల్లగా ఉంటే బిడ్డ పెరుగుతున్నట్టు. పసుపుగా ఉంటే కన్నవాళ్ళు వద్దని అర్జీ పెట్టారు, ఇంకా తేల్చలేదు. ఆరిపోతే తేల్చేశారు.

మా చర్చి విచారణలో ఆచారం ప్రకారం ఒక్కొక్కరం ఒక్కో దీపాన్ని ఎంచుకుంటాం. ఎవరిదో తెలియదు, తెలుసుకోకూడదు. ఈస్టర్ ముందు వచ్చే ఈ నలభై రోజులూ దాని కోసమే జపమాల. నేను నాలుగో వరుసలో పదకొండోదాన్ని తీసుకున్నాను. తల ఎత్తకుండా కనబడేది అదే.

రెండో ఆచారం నీళ్ళు. నిలబడే మూడు గంటలూ ఏమీ తాగం. ఆ పూట తాగవలసిన గ్లాసుడు నీళ్ళు మట్టికుండలో పోస్తాం. శుక్రవారం గుడి ముందు సిలువ పాదాల దగ్గర ఆ కుండ వంచుతాం. మా ఊరు, ఈ ఏడోగట్టు మీద, మనిషికి రోజుకి మూడు లీటర్ల మంచినీళ్ళు ఇస్తారు. అందులో గ్లాసుడు వదులుకోవడం చిన్న సంగతి కాదు.

నాలుగో రోజు

ఏడుగురం. గొడవ: లేదు.

అరికాళ్ళు మండుతున్నాయి. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి. పెదవులు పగిలి జపం తప్పుతోంది.

లూర్దమ్మ టీచర్‌కి డెబ్బై ఆరు. ఆవిడ మాత్రం మా వెనకున్న ప్రహరీకి ఆనుకోదు. "మా జోజిని తొమ్మిది నెలలు మోశాను. ఈ గట్టు మీద ఆఖరిసారి కడుపుతో నడిచిన మనిషిని నేనే. మీకు మూడు గంటలు బరువా?" అంది.

"మెల్లిగా చెప్పండి టీచర్, మ్యూజియం వాళ్ళు వింటే తీసుకుపోతారు" అన్నాడు ఇన్నయ్య. ఆయన గట్టు గేట్లు తిప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మడత స్టూలు తెచ్చుకుంటాడు, కానీ టీచర్ చూస్తుందని కూర్చోడు.

తొమ్మిదో రోజు

ఆరుగురం. గొడవ: లేదు.

నా దీపం పసుపైంది.

పదకొండున్నరకి తెల్లగానే ఉంది. కళ్ళు మూసుకుని జపమాలలో ఒక దేవరహస్యం ముగించి తెరిచేసరికి పసుపు. ఏదో నా వల్లే జరిగినట్టు అనిపించింది. టీచర్‌కి చెబితే, "ఇప్పుడే నీకు అసలు పని మొదలైంది" అంది.

పదకొండో రోజు

ఏడుగురం. కొత్తవాళ్ళు ఒకరు. గొడవ: లేదు.

మేము వచ్చేసరికే ఒకామె గీతకి ఇవతల నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. తలమీద కొంగు, చేతిలో ఖాళీ సంచి. గోడ వంక చూస్తోంది, మేము చూసినట్టే. పక్క విచారణ నుంచి మనిషిని పంపుతామని ఫాదర్‌గారు చెప్పి ఉన్నారు. ఈమే అనుకున్నాను.

పేరు రాసుకోవాలి కాబట్టి అడగక తప్పలేదు. నోరు తెరవడానికి రెండు జపాలంత సేపు పట్టింది.

"మీ పేరు?"

"హైమ."

"రోజూ వస్తారా?"

ఆమె నన్ను కాసేపు చూసింది. "ఏమో. రావచ్చు."

"ఏ దీపం?"

"అదిగో. నాలుగో వరుస, పదకొండు."

"అది నాది" అన్నాను. "మొదటి రోజు నుంచీ నా పేరు మీదే ఉంది. మీరు వేరేది చూసుకోండి."

"ఇద్దరం చూస్తే తప్పా?" అంది.

తప్పని ఎక్కడా రాసి లేదు. టీచర్‌ని అడిగి, నా దగ్గరున్న రెండో జపమాల ఇచ్చాను. వంతుల జాబితాలో రాసుకున్నాను: హైమ, నా పక్కన, పదకొండు నుంచి పన్నెండు.

పదహారో రోజు

ఏడుగురం. గొడవ: లేదు.

హైమ రోజూ వస్తోంది. పెదవులు కదలవు. పూసలు మాత్రం ఒక్కొక్కటీ జరుపుతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా. వాళ్ళ విచారణలో మౌనంగా చెప్పుకుంటారేమో.

ఈరోజు టీచర్ గోడ చూసి, "ఆ పదకొండో దీపం తల్లి ఎవరో గానీ గుండె రాయి. వారం నుంచి పసుపులో పెట్టి, ఒక్కసారైనా వచ్చి చూసిందా?" అంది.

"లోపలికొచ్చి చూస్తోందో లేదో మనకేం తెలుసు టీచర్" అన్నాడు ఇన్నయ్య.

హైమ పూస జరపడం ఆపింది. తర్వాత మళ్ళీ జరిపింది.

ఇరవయ్యో రోజు

ఐదుగురం. గొడవ: లేదు.

ఇన్నయ్య దీపం ఆరిపోయింది. రెండో వరుస, ఆరు. పన్నెండూ పదికి.

ఆయన ఆపిన చోటు నుంచే జపం అందుకున్నాడు. వేరే దీపం తీసుకోమని టీచర్ అంటే వినలేదు. "గేటు మూసేశాక కూడా నా డ్యూటీ టైము అయ్యేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి టీచర్. అలవాటు" అన్నాడు. రెండింటిదాకా ఆ నల్లటి చోటునే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. టీచర్ చూసింది, మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఇరవై నాలుగో రోజు

ఆరుగురం. గొడవ: లేదు.

శుక్రవారం. కుండ నిండింది. ఇన్నయ్య దాన్ని గుడికి మోసుకెళ్ళడానికి తాడు కడుతుంటే హైమ దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది. ఇన్ని రోజుల్లో తనంతట తాను మాట్లాడటం ఇదే మొదలు.

"ఈ నీళ్ళు ఎవరికి?"

"దేవుడికి" అన్నాను.

"దేవుడు తాగుతాడా?"

"సిలువ దగ్గర పోస్తాం."

"నేల మీదా?"

"అవును."

ఆమె ఇంకేదో అడుగుతుందేమోనని చూశాను. నీళ్ళలో తన నీడ వంక చూసుకుని వెళ్ళిపోయింది.

ఇరవై ఏడో రోజు

ఐదుగురం. గొడవ: లేదు.

రాయడానికి ఏమీ లేదు. కాళ్ళు వాచాయి. జపం చెబుతుంటే మాటలు రాళ్ళలా ఉన్నాయి, నోట్లో తిరగడం లేదు. మేము నిలబడటం వల్ల ఏమైనా అవుతుందా అని ఇన్నయ్యని అడగాలనుకుని అడగలేదు. అడిగితే ఆయన నిజం చెబుతాడు.

ముప్పై ఒకటో రోజు

ఆరుగురం. గొడవ: లేదు.

లేదనే రాశాను. ఎవరూ అరవలేదు, ఎవరూ గీత దాటలేదు. దాటింది మా మనిషి కాదు.

పదకొండూ నలభైకి గేటు దగ్గర వాచ్‌మన్ కరీముల్లా బయటికొచ్చి కాగితం చూసి పిలిచాడు: "నాలుగో వరుస పదకొండు! నాలుగో వరుస పదకొండు తల్లిగారు ఉన్నారా?"

ఇన్నాళ్ళకి ఆవిడ వస్తుంది, ముఖం చూస్తాను అనుకుని వీధి అటువైపు చూశాను. ఎవరూ రాలేదు. నా పక్కన హైమ జపమాలను సంచిలో వేసుకుని, సున్నపు గీత దాటి గేటు వైపు నడిచింది.

అది నాది. మీరు వేరేది చూసుకోండి.

ఆ మాట నేనే అన్నాను. ఆమె బిడ్డ గురించి, ఆమెతోనే. పదకొండో రోజు పేజీ తిప్పి చూశాను. ఎర్ర మార్జిన్ పక్కన నా గుండ్రటి అక్షరాల్లో ఉంది.

అరగంట తర్వాత తిరిగొచ్చింది. ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం పన్నెండుకి ఇరవై వారాలు నిండుతాయట. ఈలోగా వేలిముద్ర వేసి తేల్చాలి. వేయకపోతే అర్జీ దానంతటదే రద్దై బిడ్డ ఉండిపోతుంది. ఇదంతా కరీముల్లా గేటు దగ్గర ఆమెకి మళ్ళీ చెబుతుంటే వినబడింది.

జపమాల నా చేతిలో పెట్టింది. "నా పేరు మీ జాబితాలోంచి కొట్టేయండి" అంది.

"మీరు చెప్పలేదేం?" అంది లూర్దమ్మ టీచర్.

"మీరు అడగలేదు కదండీ. ఏ దీపం అన్నారు, చెప్పాను. వంతు వేశారు, వచ్చాను. ఇంట్లో నేనెక్కడికెళ్తున్నానో చెప్పడానికి ఒక చోటు దొరికింది." తర్వాత టీచర్ వైపు తిరిగి, "గుండె రాయో కాదో నాకే తెలీదండి" అని వెళ్ళిపోయింది.

టీచర్ ఆ తర్వాత వెనక ప్రహరీకి ఆనుకుంది.

ముప్పై రెండో రోజు

ఐదుగురం. గొడవ: లేదు.

హైమ రాలేదు. పేరు కొట్టెయ్యడానికి పెన్ను తీసి మళ్ళీ మూత పెట్టాను.

ముప్పై నాలుగో రోజు

ఐదుగురం. గొడవ: లేదు.

హైమ ఒక చిన్నపిల్లని తీసుకుని వచ్చింది. మా వైపు చూడలేదు. పిల్లని కరీముల్లా కుర్చీలో కూర్చోబెట్టి తను లోపలికెళ్ళింది. ఆ పిల్ల కాసేపటికి కుర్చీ దిగి గీత దాకా నడిచొచ్చింది. ఆరేళ్ళుంటాయి. మెడలో తాడుకి నీళ్ళ సీసా, సీసా మీద పెన్నుతో గీసిన గుర్తులు.

"అక్కా, ఆ పూసలు లెక్కపెట్టుకునేవా?"

అడిగింది కాబట్టి జవాబు చెప్పవచ్చు. "ప్రార్థన చేసేవి. నీ పేరేంటి?"

"ధాత్రి. నాకూ ఉన్నాయి, చూడు." సీసా చూపించింది. "ఈ గీత దాకా పదింటికి తాగాలి. ఇక్కడిదాకా పన్నెండుకి. నాకు కిడ్నీలు చిన్నవంట. రోజూ నాలుగు సీసాలు తాగాలి. తాగకపోతే ఆసుపత్రిలో మిషన్ పెడతారు. నాకు మూడే ఇస్తారు. ఇంకొకటి అమ్మా నాన్నా పోస్తారు."

"ఊఁ."

"తమ్ముడొస్తే వాడికి పొయ్యాలంట. వాడు ఆ గోడలో ఉన్నాడు."

"తమ్ముడు రావాలని ఉందా నీకు?"

ఈ ప్రశ్న నేను అడగకూడదు. అడిగేశాను.

ధాత్రి సీసా మూత తిప్పింది, మళ్ళీ తిప్పింది. "వస్తే బాగుంటుంది. కానీ నాకు మిషన్ వద్దు."

కరీముల్లా వచ్చి, "రా తల్లీ, ఎండలో నిలబడకు" అని తీసుకెళ్ళాడు.

మా కుండ నా పాదాల పక్కనే ఉంది. అందులో ఈరోజువే ఐదు గ్లాసుల నీళ్ళు.

ఆ శుక్రవారం హైమ అడిగింది. నిబంధన ప్రకారం తనంతట తానే అడిగింది, ఈ నీళ్ళు ఎవరికని. నేను జవాబు కూడా చెప్పాను. తప్పు జవాబు.

ముప్పై ఐదో రోజు

ఆరుగురం. గొడవ: మాలో మాకు.

రెండయ్యాక ఎవరినీ వెళ్ళనివ్వలేదు. ఆగండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ధాత్రి సంగతి చెప్పి, కుండ నీళ్ళు ఆ పిల్లకి ఇద్దామన్నాను.

"దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటామా?" అంది టీచర్.

"ఆయన సిలువ మీద ఒక్కసారే దాహమన్నాడు టీచర్" అన్నాడు ఇన్నయ్య. "ఆ పిల్లకి రోజూ వేస్తుంది."

"పుట్టిన బిడ్డకి ఐదేళ్ళదాకా నీళ్ళ వాటా రాదు. ఇది నలభై రోజుల ముచ్చట కాదు" అంది టీచర్.

"ఐదేళ్ళు" అన్నాను. పైకి అన్నాక ఎంత పెద్ద మాటో తెలిసింది. ముప్పై ఐదు రోజులకే నా పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

చివరికి టీచర్ అంది, "బిడ్డని ఉంచుకుంటానంటేనే ఇస్తామని చెప్పు."

"అలా చెప్పను." చేతులు వెనక్కి కట్టుకున్నాను. "అప్పుడు దాహంగా ఉన్న పిల్లని చూపించి బేరం ఆడినట్టు అవుతుంది. ఆమె ఏం చేసినా ధాత్రికి నీళ్ళు ఇవ్వాలి. దీపం ఆరిపోయినా సరే."

"ఆరిపోతే?"

"ఇన్నయ్యగారు ఆరిపోయిన దీపం దగ్గర నిలబడలేదా?"

టీచర్ కుండ మీద మూత సర్ది చాలాసేపు అలాగే చెయ్యి ఉంచింది. "నాకు డెబ్బై ఆరు. ఐదేళ్ళలో నా వంతు ఆగిపోతే ఎవరు పోస్తారో ఇప్పుడే రాసుకో" అంది.

ఇన్నయ్య ముక్కు చీదుకున్నాడు. "టీచర్ వంతు నాది. నేను పోతే చెప్పండి, మా అల్లుడు ఉన్నాడు, ఎందుకూ పనికిరాడు, నీళ్ళు మోస్తాడు."

ముప్పై ఏడో రోజు

ఆరుగురం. గొడవ: లేదు.

హైమ రాలేదు. ఆమె ఇల్లు ఎక్కడో మాకు తెలియదు. వెంటపడి వెతకకూడదు కూడా. పాత వంతుల జాబితా కాగితం వెనకే కొత్త జాబితా రాశాను. వారానికి ఏడు రోజులు, ఏడు పేర్లు. ఆ రోజు పేరున్న మనిషి అందరి గ్లాసులూ కుండలో పోగుచేసి తీసుకెళ్ళాలి. ఎక్కడికో రాయవలసిన చోట ఖాళీ ఉంచాను.

ముప్పై ఎనిమిదో రోజు

ఏడుగురం. గొడవ: లేదు.

పదకొండూ ఇరవైకి హైమ వీధి మలుపులో కనబడింది. ఒక్కతే. గేటుకి వెళ్ళాలంటే మా ముందు నుంచే వెళ్ళాలి. నిబంధన నాకు కంఠస్థం. కానీ ఆమె ఎప్పుడో అడిగింది, నేను ఇప్పుడు జవాబు సరిదిద్దుతున్నాను. అలా అనుకుని కాళ్ళని కదలనివ్వకుండా గీత మీదే నిలబడ్డాను.

"హైమగారూ."

ఆగింది.

"ఆ రోజు మీరు అడిగారు, ఈ నీళ్ళు ఎవరికని. నేను తప్పు చెప్పాను. ధాత్రికి."

ఆమె ముఖం బిగుసుకుంది. "ఓహో. నేను లోపలికెళ్ళి అర్జీ వెనక్కి తీసుకుంటేనా?"

"కాదు. మీరు లోపల ఏం చేసినా. ఈరోజు నుంచే."

"ఎన్నాళ్ళు? ఈస్టర్ దాకానా?"

"ఐదేళ్ళు."

నవ్వలేదు, ఏడవలేదు. చాలా అలసిపోయిన మనిషి బస్సు కోసం చూసినట్టు నన్ను చూసింది. "ఇలాంటి మాటలు అందరూ చెప్తారమ్మా. మా ఆడపడుచూ చెప్పింది."

కాగితం ఇచ్చాను. సోమవారం నేను, మంగళవారం ఇన్నయ్య, బుధవారం లూర్దమ్మ టీచర్ (తర్వాత ఇన్నయ్య, తర్వాత ఇన్నయ్య అల్లుడు). అన్నీ చదివింది. కాగితం వెనక్కి తిప్పింది. అక్కడ పాత జాబితా.

"నా పేరు కొట్టెయ్యలేదే?"

"లేదు."

"ఎందుకు?"

ఒక మంచి మాట చెప్పి ఉండాల్సింది. పుస్తకాల్లో అయితే ఎవరో ఒకరు చెబుతారు. "కొట్టెయ్యబుద్ధి కాలేదు" అన్నాను. తర్వాత, "మీ దీపం మీతో నాదన్నాను. క్షమించండి" అన్నాను.

"ఆ రోజు కోపం రాలేదు" అంది. "పోనీ, దానికి ఇంకొకళ్ళు కూడా ఉన్నారు అనుకున్నా."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

మేము జపం మొదలుపెట్టాం. పన్నెండుకి ఐదు నిమిషాలు. పసుపు. పన్నెండు. పసుపు. కరీముల్లా కూడా బయటికొచ్చి మా వైపు నిలబడి గోడ చూశాడు. నేను కళ్ళు మూసుకోలేదు. ఈసారి మూసుకోదలుచుకోలేదు.

పన్నెండూ రెండుకి తెల్లబడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్నయ్య స్టూలు విప్పి టీచర్‌కి ఇచ్చాడు. ఆవిడ కూర్చుంది. ఆ తర్వాత పావుగంటకి తొమ్మిదో వరుసలో ఒక దీపం ఆరింది. అది ఎవరూ ఎంచుకోని దీపం. ఎన్నోదో లెక్కపెట్టి ఇక్కడ రాసుకున్నాను: తొమ్మిదో వరుస, పధ్నాలుగు. మిగిలిన జపం దాని కోసం చెప్పాం.

హైమ వెళ్ళేటప్పుడు కాగితం నా చేతికి తిరిగిచ్చింది. ఖాళీ ఉంచిన చోట పెన్సిలుతో రాసి ఉంది: ఎనిమిదో వీధి, మూడో అంతస్తు, నీలం తలుపు.

నలభయ్యో రోజు

ఏడుగురం. గొడవ: లేదు.

ఆఫీసు కాగితం ఇచ్చేశాను. గుమస్తా అన్ని వరుసల్లోనూ "లేదు" చూసుకుంటూ పోయి ముప్పై ఐదో రోజు దగ్గర ఆగాడు. "మాలో మాకు అంటే ఏంటి?" అన్నాడు. "సర్దుకుందండీ" అన్నాను. ముద్ర వేశాడు.

నలభై ఒకటో రోజు

సోమవారం. నిలబడ్డవాళ్ళు: లేరు. అనుమతి నిన్నటితో అయిపోయింది.

ఏడు ఇళ్ళు తిరిగి ఏడు గ్లాసులు పోయించుకుని, క్యాను మోసుకుంటూ ఎనిమిదో వీధికి వెళ్ళాను. లిఫ్టు పనిచేయడం లేదు. మూడు అంతస్తులు. ప్రతి మలుపులోనూ క్యాను దింపాను.

నీలం తలుపు తీసింది ధాత్రి. సీసా మీద గీతలు చూసుకుంటూ పోయించుకుంది. ఒక్క చుక్క కింద పడితే వేలితో అద్ది నాకింది.

"అమ్మా, ఆ దీపం నాదని నీతో దెబ్బలాడింది ఈ అక్కేనా?"

"దెబ్బలాడలేదు" అన్నాను. "వేరేది చూసుకోమన్నాను."

లోపల వంటగదిలో హైమ నవ్వింది. ఆ నవ్వు నేను వినడం ఇదే మొదలు. బయటికి మాత్రం రాలేదు. అక్కడి నుంచే అడిగింది: "రేపు ఎవరమ్మా?"

"ఇన్నయ్యగారు."

"మెట్లెక్కగలడా ఆయన?"

"స్టూలు తెచ్చుకుంటారు."

ఖాళీ క్యానుతో కిందికి దిగాను. ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉంది, మోకాళ్ళకి. ఇంటికొచ్చి కొత్త పేజీ తీసి, ఎర్ర పెన్సిలుతో మార్జిన్ గీశాను. ఇలాంటి నోటుపుస్తకాలు ఇంకా చాలా కావాలి.

గొడవ: లేదు.